స్టెయిన్‌లెస్ చెఫ్ కత్తి చేయించుకోవాలంటే ఏమేమి చూసుకోవాలి, తయారీదారుని ఎలా వెతకాలి?

తరుగుబల్ల (ప్రశ్న)

నమస్కారం. నేను వృత్తిరీత్యా వంటవాడిని కాను, కానీ ఇంట్లో రోజూ రెండు పూటలా వంట చేసేది నేనే. ఎనిమిదేళ్లుగా ఒకే చెఫ్ కత్తి వాడుతున్నాను. అది కర్మాగారంలో తయారైన స్టెయిన్‌లెస్ కత్తి, అలుగు పొడవు 20 సెంటీమీటర్లు. కొన్న కొత్తలో ఎంతో నచ్చింది. ఇప్పుడు సానరాయి మీద పదును పెట్టిన రోజున టమాటా తోలు మీద ఆనించగానే దిగుతుంది కానీ, వారం తిరిగేసరికి తోలు మీద జారిపోవడం మొదలవుతుంది. దానికన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది మరొకటి ఉంది. లావుపాటి క్యారెట్టును అడ్డంగా కోసేటప్పుడు కత్తి సగం దాకా మెత్తగా దిగి, అక్కడి నుంచి కోయడం మానేసి చీలుస్తుంది. టప్పుమని చప్పుడై ముక్క ఎగిరిపడుతుంది. ఆ ముక్కను తిప్పి చూస్తే పై సగం నున్నగానూ, కింది సగం విరిచినట్టు గరుకుగానూ ఉంటుంది. పదును పెట్టిన రోజున కూడా ఇదే పరిస్థితి.

రెండేళ్ల క్రితం కార్బన్ ఉక్కు కత్తి ఒకటి ప్రయత్నించాను. పదును అద్భుతంగా ఉండేది, అయితే కోస్తూ కోస్తూ పొయ్యి దగ్గరికి వెళ్లి పది నిమిషాల తరువాత తిరిగి వచ్చేసరికి అంచు పొడుగునా నారింజ రంగు చుక్కలు కనిపించేవి. మా ఇంట్లో ఆ కత్తిని నాతోపాటు మరో ఇద్దరు వాడతారు. ప్రతి కోత తరువాతా తుడిచి పెట్టమని వాళ్లను అడగలేను. అందుకని స్టెయిన్‌లెస్‌ ఉక్కే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఈసారి నా చేతికీ, నా పనికీ సరిపోయేలా ఒక తయారీదారుతో చేయించుకోవాలని ఉంది. వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి వీజీ-10, ఏఈబీ-ఎల్, ఎస్‌జీ2, మాగ్నాకట్ అంటూ ఉక్కుల పేర్లు చదివి చదివి తల తిరుగుతోంది. ఒక్కొక్కరు ఒక్కో ఉక్కును మెచ్చుకుంటారు. నేను తెలుసుకోవాలనుకుంటున్నవి మూడు. ఉక్కును దేన్ని బట్టి ఎంచుకోవాలి? మంచి తయారీదారుని ఎలా గుర్తించాలి? డబ్బు కట్టే ముందు అతన్ని ఏమని అడగాలి? మీలో ఇలా చేయించుకున్నవారూ, చేసేవారూ ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

సానరాయి

తరుగుబల్ల గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు మీ క్యారెట్టు ముక్కలోనే ఉంది. నేను చాలా ఏళ్లుగా ఇతరుల కత్తులకు సాన పడుతున్నాను. నా దగ్గరికి వచ్చే కత్తుల్లో ఎక్కువ భాగం మొండిబారినవి అనుకుని తెచ్చినవే కానీ, వాటిలో చాలావాటికి అసలు జబ్బు మందం.

పదును అంటే అంచు కొసన ఉండే సన్నదనం. అది తోలును తెంచడానికి పనికొస్తుంది. తోలు తెగి లోపలికి దిగిన తరువాత ఇక ఆ కొస చేసే పని కొంచెమే, మిగతాదంతా దాని వెనక వచ్చే ఉక్కుది. ఆ ఉక్కు ఎంత మందంగా ఉంటే రెండు ముక్కలనూ అంత బలంగా పక్కలకు తోస్తుంది. మెత్తని టమాటా వంగి దారి ఇస్తుంది, గట్టి క్యారెట్టు వంగలేక చీలుతుంది. మీ ముక్క కింది సగం గరుకుగా ఉండటానికి కారణం అదే. పదును పెట్టిన రోజున కూడా అలాగే జరుగుతోందని మీరే రాశారు కాబట్టి ఇందులో నాకు సందేహం లేదు.

కొత్తలో బాగుండి ఇప్పుడు ఇలా ఎందుకైంది అన్నది కూడా చెప్పాలి. కత్తిని అడ్డంగా కోసి చూస్తే వెన్ను దగ్గర లావుగా మొదలై అంచు దగ్గరికి సన్నబడుతూ వస్తుంది. సాన పట్టిన ప్రతిసారీ అంచు నుంచి కొంత ఉక్కు అరిగిపోయి, అంచు పైకి, అంటే మందమైన భాగంలోకి జరుగుతుంది. ఎనిమిదేళ్లు ఇలా జరిగితే రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వచ్చి ఉంటుంది. పదును పెట్టినప్పుడల్లా పక్కలను కూడా కొంచెం కొంచెంగా పలచన చేస్తూ రావాలి. ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

కాబట్టి ఉక్కు పేర్లు కాసేపు పక్కన పెట్టి, మందం కొలిచే డిజిటల్ కాలిపర్ ఒకటి తీసుకుని మీ కత్తిని మూడు చోట్ల కొలవండి. పదును కోసం రుద్దిన సన్నని పట్టీ ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా దానిపైన ఒకటి, అంచు నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తున ఒకటి, పిడి మొదట్లో వెన్ను మీద ఒకటి. కాయగూరలకు బాగా కోసే కత్తి పట్టీ పైన 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 10 మిల్లీమీటర్ల ఎత్తున సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది. వెన్ను 2 నుంచి 2.5 దాకా ఉంటే చాలు. అది కూడా పిడి నుంచి మొన దాకా ఒకే మందంగా ఉండకూడదు, మొన వైపు వెళ్లేకొద్దీ సన్నబడాలి. ఉల్లిపాయను నిలువుగా గాట్లు పెట్టేటప్పుడు మొన ఎంత తేలిగ్గా దిగుతుందన్నది ఈ సన్నబడటం మీదే ఆధారపడి ఉంటుంది.

నా సలహా ఏమిటంటే, కొత్త కత్తికి డబ్బు కట్టే ముందు పాత కత్తిని ఎవరైనా పని తెలిసినవారి చేత పలచన చేయించి, ఒక నెల వాడండి. అప్పుడు మీకు రెండు విషయాలు తెలుస్తాయి. సన్నని కత్తి చేతిలో ఎలా ఉంటుందో తెలుస్తుంది, ఆ సన్నదనాన్ని మీ ఇంట్లో మిగతా ఇద్దరూ ఓర్చుకోగలరో లేదో కూడా తెలుస్తుంది. ఎముకల మీదా, గడ్డకట్టిన వాటి మీదా కొట్టేవాళ్లు ఇంట్లో ఉంటే 0.2 మిల్లీమీటర్ల అంచు పెచ్చులు లేచిపోతుంది, దానికి తయారీదారుని తప్పు పట్టలేం.

సాన విషయం కూడా ఒక మాట చెప్తాను, ఎందుకంటే ఉక్కును ఎంచుకునేటప్పుడు చాలామంది దీన్ని మరిచిపోతారు. మీ దగ్గర ఉన్నది మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి అయితే, వనేడియం అనే లోహం ఎక్కువగా కలిసిన ఉక్కులు దానికి సరిగ్గా లొంగవు. వనేడియం, కార్బన్ కలిసి ఉక్కులో ఏర్పడే కణాలు, అంటే వనేడియం కార్బైడు, ఆ రాతి కణాలకన్నా గట్టివి. రాయి చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది కానీ ఆ గట్టి కణాలను కోయలేదు. వాటికి వజ్రపు పొడి పూసిన పలకలు కావాలి. క్రోమియం కార్బైడు అంత గట్టిది కాదు, మామూలు రాళ్ల మీదే తెగుతుంది. ఏఈబీ-ఎల్ లాంటి ఉక్కుకు 1000 గ్రిట్ (రాతి కణాల సన్నదనాన్ని చెప్పే అంకె) రాయి ఒకటి, 3000 నుంచి 4000 మధ్య మరొకటి ఉంటే ఇంటి వాడకానికి సరిపోతాయి.

ఉక్కుపని

సానరాయి గారు మందం గురించి చెప్పినదంతా నిజం. నేను వంటగది కత్తులు చేస్తాను, ఎక్కువగా స్టెయిన్‌లెస్ ఉక్కుతోనే. అందుకని ఆయన పక్కన పెట్టమన్న ఉక్కు సంగతి నేను చెప్తాను.

స్టెయిన్‌లెస్ అని పిలవడానికి ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాల అరుగుదల మీద పని చేస్తూ, 13 శాతానికి దగ్గరగా క్రోమియం ఉన్న ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. త్వరలోనే దాన్ని భోజనపు కత్తులకు వాడారు. అయితే మొత్తం క్రోమియం ఎంత అన్నదానికన్నా, అందులో ఎంత విడిగా ఉందన్నది ముఖ్యం. కార్బన్ క్రోమియాన్ని పట్టుకుని కార్బైడుగా మారుస్తుంది. అలా చిక్కుకున్న క్రోమియం తుప్పును ఆపడానికి పనికిరాదు. డీ2 అనే పనిముట్ల ఉక్కులో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా, కార్బన్ 1.5 శాతం ఉండటం వల్ల అది నిజమైన స్టెయిన్‌లెస్ కాలేకపోయింది. మరోవైపు 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే, అయినా తుప్పును బాగా ఆపుతుంది. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త దాన్ని రూపొందించేటప్పుడు కార్బన్‌ను వనేడియం, నియోబియం పట్టుకునేలా, క్రోమియం విడిగా మిగిలేలా కొలతలు కూర్చారు.

మీరు రాసిన పేర్లను నేను చూసే తీరు ఇది. జర్మన్ కర్మాగారాలు ఎక్కువగా వాడే 1.4116 ఉక్కులో కార్బన్ 0.5 శాతం, క్రోమియం 15 శాతం. మీ పాత కత్తి బహుశా ఇలాంటిదే అయివుంటుంది. కాఠిన్యాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 55 నుంచి 58 దాకా ఉంటుంది, విరగదు, కానీ అంచు త్వరగా మడతపడుతుంది. ఏఈబీ-ఎల్ గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం పుట్టిన ఉక్కు. కార్బన్ సుమారు 0.67, క్రోమియం 13. దాని కార్బైడు కణాలు చాలా సన్నవి కాబట్టి అంచును ఎంత సన్నగా తెచ్చినా నిలబడుతుంది, 61, 62 కాఠిన్యం దగ్గర కూడా దెబ్బ ఓర్చుకుంటుంది. 14సీ28ఎన్ దానికి దగ్గరి బంధువు, కొంచెం నైట్రోజన్ కలపడం వల్ల తుప్పును ఇంకా బాగా ఆపుతుంది. జపాన్‌లో తయారయ్యే వీజీ-10లో కార్బన్ దాదాపు 1 శాతం, కాస్త కోబాల్ట్ కూడా ఉంటుంది. అరుగుదలను ఎక్కువగా ఆపుతుంది కానీ కణాలు కొంచెం పెద్దవి, అంచు మరీ సన్నగా ఉంటే సన్నని పెచ్చులు లేస్తాయి. ఎస్‌జీ2, మాగ్నాకట్ రెండూ పొడి లోహంతో చేసినవి. కరిగిన ఉక్కును తుంపరలుగా చల్లార్చి పొడి చేసి, ఆ పొడిని పీడనంతో ముద్ద చేస్తారు. అందువల్ల కార్బైడులు ఎక్కువగా ఉన్నా చిన్నవిగా ఉండిపోతాయి. పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, ధరా ఎక్కువే, సాన పట్టడమూ కష్టమే.

ముగ్గురు వాడే ఇంటికి, మామూలు సానరాయి ఉన్నవారికి నేనైతే ఏఈబీ-ఎల్ లేదా 14సీ28ఎన్ ఇస్తాను. దీన్ని తక్కువ రకమని చెప్పేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను.

ఇక హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కును వేడి చేసి, చల్లార్చి గట్టిపరిచే పని. ఒకే ఉక్కుతో ఇద్దరు చేసిన కత్తులు రెండు వేరు వేరు ఉక్కుల్లా పని చేయడానికి కారణం ఇదే. మామూలు కార్బన్ ఉక్కును 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమి రంగు చూసి కూడా గట్టిపరచవచ్చు. స్టెయిన్‌లెస్‌కు అది కుదరదు. ఏఈబీ-ఎల్‌ను సుమారు 1050 నుంచి 1080 డిగ్రీల దాకా, కొన్ని నిమిషాల పాటు, కొద్ది డిగ్రీల తేడా కూడా రాకుండా ఉంచాలి. కంటితో ఆ తేడా కనిపెట్టలేం, ఎలక్ట్రిక్ కొలిమి ఉండాలి. గాలి తగిలి పైపొరలో కార్బన్ కాలిపోకుండా సన్నని స్టెయిన్‌లెస్ రేకులో పొట్లంలా చుట్టి పెడతాను. తీసిన వెంటనే ఆ పొట్లాన్ని రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య పెట్టి నొక్కుతాను. నారింజ రంగులో ఉన్న అలుగు చూస్తుండగానే నల్లబడుతుంది, నిమిషం గడిచేసరికి చేత్తో పట్టుకోవచ్చు. పలకల వల్ల అది చల్లబడటమే కాక వంకర పోకుండా కూడా ఉంటుంది.

అప్పటికీ ఉక్కు లోపల కొంత భాగం మారకుండా మెత్తగా మిగిలిపోతుంది. దాన్ని మార్చడానికి మైనస్ 78 డిగ్రీల పొడి మంచులోనో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోనో ముంచాలి. ఆ తరువాత 175 నుంచి 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు వేడి చేసి పెళుసుతనం తీసేయాలి. చలి దశను ఎగ్గొట్టిన కత్తి కొత్తలో బాగానే కనిపిస్తుంది. సాన పట్టేటప్పుడు అంచున లేచే సన్నని పొర ఎంత రుద్దినా ఊడకుండా అటూ ఇటూ మడతపడుతూ ఉండటం దాని లక్షణాల్లో ఒకటి.

నా తొలి రోజుల తప్పు ఒకటి చెప్పడం అవసరమనిపిస్తోంది. హీట్ ట్రీట్‌మెంట్ అంతా సరిగ్గా చేసిన ఒక అలుగును చివర బెల్టు మీద పలచన చేస్తూ తొందరపడ్డాను. అంచు 0.2 మిల్లీమీటర్లకు వచ్చాక అది వేడెక్కడానికి క్షణం చాలు. నీళ్లలో ముంచకుండా మరో రెండు సార్లు లాగాను. రంగేమీ మారలేదు. కానీ ఆ కత్తి అంచు మొనకు దగ్గర ఒక అంగుళం మేర మాత్రం రెండు రోజులకే మొండిబారేది. మిగతా అంచు బాగానే ఉండేది. వేడి తగిలిన చోట కాఠిన్యం పోయింది. ఆ కత్తి ఇప్పటికీ నా బల్ల పైన వేలాడుతుంది, ఎవరికీ ఇవ్వలేదు.

కాబట్టి తయారీదారుని ఇలా అడగండి: హీట్ ట్రీట్‌మెంట్ మీరే చేస్తారా, బయటకు పంపుతారా? బయటకు పంపడం తప్పేమీ కాదు, మంచి పరికరాలున్న చోట చేయించడం ఇంకా నయం. చలి దశ ఉందా? ఎంత కాఠిన్యం ఉద్దేశించారు, ఆ అలుగును నిజంగా కొలిచారా? పట్టీ పైన మందం ఎంత ఉంచుతారు? తెలిసి చేసేవాడు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెప్తాడు. "ఉక్కు గొప్పది, మీరేమీ ఆలోచించకండి" అనే జవాబు వస్తే అక్కడితో ఆగిపోవడం మేలు.

తరుగుబల్ల

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న కాలిపర్‌తో కొలిచాను. పట్టీ పైన 0.65 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల ఎత్తున 1.6, వెన్ను మీద 2.8 ఉన్నాయి. అంచుకూ పిడికీ మధ్య ఉన్న లావుపాటి ఉక్కు దిమ్మ మడమ దాకా, అంటే పిడి వైపు అంచు ముగిసే మూల దాకా, దిగి ఉండటం వల్ల, దాని పక్కన అంచు అరిగి ఒక గుంటలా ఏర్పడిందని కూడా ఇప్పుడే గమనించాను. కోసేటప్పుడు ఆ గుంట దగ్గర కాయగూర పూర్తిగా తెగక తోరణంలా వేలాడటానికి కారణం ఇన్నాళ్లకు అర్థమైంది.

పాత కత్తిని పలచన చేయడానికి ఇచ్చాను. ఈలోగా తయారీదారుని వెతకడం గురించి, పిడి, పొడవు లాంటి వాటి గురించి ఎవరైనా చెప్పగలరా? మరొక విషయం ముందే చెప్పాల్సింది, మా ఇంట్లో కత్తి వాడే ముగ్గురిలో ఒకరిది ఎడమ చేతి వాటం.

రెండో కత్తి

నేను ఇద్దరు తయారీదారుల చేత కత్తులు చేయించుకున్నాను. మొదటిది నాకు చాలా బాధ మిగిల్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఫోటోలు చూసి మురిసిపోయి, పొరలు పొరలుగా మెరిసే డమాస్కస్ అలుగు కావాలని అడిగాను. మొత్తం డబ్బు ముందే కట్టాను. నాలుగు నెలలు అన్నది పద్నాలుగు నెలలైంది. ఉత్తరాలకు జవాబులు రాను రాను తగ్గిపోయాయి. చివరికి వచ్చిన కత్తి అందంగానే ఉంది, కానీ పట్టీ పైన అర మిల్లీమీటరుకు తక్కువ లేదు. ఉల్లిపాయను సగం చేయబోతే మధ్యలో ఇరుక్కునేది. ఆర్డరు ఇచ్చేటప్పుడు నేను ఒక్క కొలత కూడా అడగలేదు, రాసి ఇవ్వలేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది.

రెండోసారి వెతికిన పద్ధతి వేరు. ముందుగా, వేట కత్తులు, మడత కత్తులు చేసేవారిని పక్కన పెట్టి, వంటగది కత్తులే ప్రధానంగా చేసేవారిని మాత్రమే చూశాను. వేట కత్తి చేయడంలో ఎంతో పేరున్నవారు కూడా వంటగది కత్తిని తరచు మందంగా చేస్తారు, వాళ్ల చేతికి అలవాటైన బలం అది. బిరుదుల విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. 1976లో ఏర్పడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఇచ్చే మాస్టర్ స్మిత్ హోదా చాలా గౌరవమైనది. వేలాడదీసిన తాడును ఒక్క వేటుకు తెంచడం, చెక్క పట్టెను నరకడం, ఆ తరువాత కూడా వెంట్రుకలు గీయడం, చివరికి అలుగును 90 డిగ్రీలు వంచడం ఆ పరీక్షలో ఉంటాయి. కానీ ఆ పరీక్ష కార్బన్ ఉక్కు పొరలతో కొలిమిలో సాగగొట్టిన డమాస్కస్ అలుగు మీద జరుగుతుంది. స్టెయిన్‌లెస్‌తో పలచని వంటగది కత్తి చేయడం గురించి అది ఏమీ చెప్పదు. బాబ్ క్రేమర్ లాగా ఆ హోదా పొంది వంటగది కత్తులకు పేరు తెచ్చుకున్నవారు ఉన్నారు, అది వారి ప్రత్యేక కృషి.

అట్లాంటాలో ఏటా జరిగే బ్లేడ్ షో లాంటి ప్రదర్శనకు వెళ్లగలిగితే అంతకన్నా మంచి మార్గం లేదు, ఎందుకంటే కత్తిని చేతిలోకి తీసుకోవచ్చు. వెళ్లలేనివారు తయారీదారు పెట్టే చిత్రాల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా వెతకాలి. కత్తిని పిడి వైపు నుంచి, మడమను ఎదురుగా పెట్టి తీసిన చిత్రం అది. అందులో వెన్ను నుంచి అంచు దాకా అలుగు ఎలా సన్నబడుతోందో పూర్తిగా కనిపిస్తుంది. పక్క నుంచి తీసిన మెరిసే ఫోటోలు వంద పెట్టి, ఈ ఒక్కటీ పెట్టనివారిని నేను అడిగి తెప్పించుకుంటాను. అలాగే, ఆయన కత్తిని ఏడాది పైగా వాడినవారు ఇద్దరు ముగ్గురు దొరికితే, సాన పట్టినప్పుడు ఎలా ఉందని అడగండి. కొత్త కత్తి వచ్చిన రోజున రాసిన పొగడ్తల వల్ల మనకు ఉపయోగం తక్కువ.

ఊరి పేరు చూసి కొనేవారు కూడా ఉన్నారు. సోలింగెన్ అనే పేరుకు 1938 నుంచి జర్మనీలో చట్టరక్షణ ఉంది, అక్కడ చేసినవాటి మీదే ఆ ముద్ర వేయాలి. జపాన్‌లోని సకాయ్‌లో ఉక్కును సాగగొట్టేవారు ఒకరు, అంచు తీర్చేవారు మరొకరు, పిడి బిగించేవారు ఇంకొకరు. ఇలాంటి చోట మీరు ఒక వ్యక్తిని వెతకడం కన్నా, సాన పట్టే పనివాడు ఎవరో తెలుసుకోవడం మేలు, ఎందుకంటే ఇక్కడ మనం మాట్లాడుకుంటున్న మందమంతా ఆయన చేతిలోనే తేలుతుంది.

డబ్బు విషయంలో, కొందరు పేరు రాయించుకోవడానికి ఏమీ తీసుకోరు, పని మొదలుపెట్టే ముందు కొంత, పూర్తయ్యాక మిగతాది తీసుకుంటారు. నేను ఇప్పుడు ఈ పద్ధతి పాటించేవారితోనే పని చేయించుకుంటాను. పని మొదలుకాకుండా మొత్తం అడిగేవారి నిజాయితీని నేను శంకించడం లేదు, కానీ వాళ్లకు ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో కష్టం వచ్చినా ఇరుక్కునేది మన డబ్బే.

పొడవు, ఎత్తు నిర్ణయించుకోవడానికి ఒక సులువైన పని చేయండి. మందపాటి అట్టను కత్తి ఆకారంలో 210 మిల్లీమీటర్లకు ఒకటి, 240కి ఒకటి కోసి, మీరు రోజూ తరిగే బల్ల మీదే పట్టుకుని చూడండి. అంచు నుంచి వెన్ను దాకా ఎత్తు మడమ దగ్గర 48 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి వేళ్ల కణుపులు బల్లకు తగలవు. మీది పెద్ద చెయ్యి అయితే ఇంకొంచెం కావాలి. బొటనవేలు, చూపుడువేళ్లతో అలుగు మొదలును పట్టుకునే అలవాటు మీకుంటే, బరువు సరిగ్గా ఆ వేళ్ల దగ్గర తూగేలా చేయమని అడగండి. పిడి చెక్కతో అయితే రెసిన్ ఎక్కించి గట్టిపరిచిన చెక్క కావాలని చెప్పండి. ముగ్గురు వాడే ఇంట్లో ఎవరో ఒకరు నీళ్లలో వదిలేస్తారు, మామూలు చెక్క ఉబ్బి రివెట్ల దగ్గర విడిపోతుంది.

సానరాయి

ఎడమ చేతి వాటం సంగతి మీరు చెప్పడం మంచిదైంది. చాలా జపాన్ తరహా కత్తుల్లో కుడి పక్క ఉబ్బుగానూ, ఎడమ పక్క దాదాపు చదునుగానూ ఉంటాయి. కుడిచేతి వాళ్లకు ముక్కలు అంటుకోకుండా జారిపోవడానికి చేసిన ఏర్పాటు అది. అదే కత్తిని ఎడమ చేత్తో పట్టుకుంటే లోపలికి ఒరిగి వంకరగా కోస్తుంది. మీరు రెండు పక్కలా సమానంగా ఉండాలని స్పష్టంగా రాయండి. పిడి కూడా డీ అక్షరం ఆకారంలో వద్దు, గుడ్డు ఆకారమో ఎనిమిది పలకలో అయితే ఇద్దరికీ సరిపోతుంది.

ఒక విషయంలో మాత్రం ఉక్కుపని గారితో కొంచెం విభేదిస్తాను. ఈ ఇంటికి 61, 62 కాఠిన్యం అవసరం లేదు, 60 దగ్గర ఆగితే మేలు. పదును నిలిచే కాలం కొంచెం తగ్గినా, ఎవరైనా పొరపాటున గట్టి వస్తువు మీద కొట్టినప్పుడు అంచు విరగడానికి బదులు వంగుతుంది. వంగినదాన్ని నేను పది నిమిషాల్లో సరిచేయగలను, విరిగినదాన్ని సరిచేయాలంటే ఎంతో ఉక్కును పోగొట్టుకోవాలి.

ఉక్కుపని

ముగ్గురు వాడతారని, అందులో ఇద్దరు కత్తి గురించి పట్టించుకోరని విన్నాక సానరాయి గారి మాటకు నేను అభ్యంతరం చెప్పను. కాకపోతే ఏఈబీ-ఎల్ 61 దగ్గర కూడా చాలా దెబ్బ ఓర్చుకుంటుంది కాబట్టి, మరీ దించమని అడగవద్దు. 58కి దిగితే మీ పాత కత్తి దగ్గరికే తిరిగి వచ్చినట్టవుతుంది. ఉప్పు నీళ్లలో నానబెట్టవద్దని, గిన్నెలు కడిగే యంత్రంలో పెట్టవద్దని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. స్టెయిన్‌లెస్ ఉక్కును కూడా ఉప్పు సూది మొనంత గుంటలు పడేలా తినేస్తుంది.

తరుగుబల్ల

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. పలచన చేసిన పాత కత్తి వచ్చింది. పట్టీ పైన 0.3 మిల్లీమీటర్లు ఉంది, మడమ దగ్గరి ఉక్కు దిమ్మను కూడా కొంత కోసి పైకి తెచ్చారు. అదే లావుపాటి క్యారెట్టు కోస్తే చప్పుడు లేదు, ముక్క రెండు సగాలూ నున్నగా ఉన్నాయి. అయితే టమాటా మీద జారడం మాత్రం మళ్లీ వారానికే మొదలైంది. మందం వేరు, ఉక్కు వేరు అని మీరు చెప్పినది నా బల్ల మీదే చూశాను.

అట్టతో కోసిన కత్తులను ముగ్గురం పట్టుకుని చూశాం. 240 నాకు నచ్చింది కానీ మా బల్ల మీద దాని మొన ప్రతిసారీ పక్కనున్న గోడకు తగులుతోంది, ఎడమ చేతి వాటం ఉన్నవారికైతే అసలు చోటే చాలలేదు. అందుకని 210 పొడవు, 50 ఎత్తు అనుకున్నాం. ఇద్దరు తయారీదారులకు ఈ కొలతలతో ఉత్తరం రాశాను: ఏఈబీ-ఎల్, కాఠిన్యం 60 నుంచి 61, పట్టీ పైన 0.25 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల ఎత్తున 1, రెండు పక్కలా సమానం, ఎనిమిది పలకల పిడి. మొదటి ఆయన తన దగ్గరున్న డమాస్కస్ అలుగుల ఫోటోలు పంపారు. రెండో ఆయన తిరిగి నన్నే ప్రశ్నలు అడిగారు: ఏ బల్ల మీద తరుగుతారు, చెక్కా ప్లాస్టిక్కా? మొనను ఆనించి ఊపుతూ కోస్తారా, నేరుగా కిందికి దించుతారా? సాన ఎవరు పడతారు? మడమ మూలను పదునుగా ఉంచాలా, గుండ్రం చేయాలా?

రెండో ఆయనతోనే చేయించుకుంటున్నాను. చివరి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. మడమ మూల విషయంలో మీరేమంటారు?

ఉక్కుపని

ముగ్గురు వాడే కత్తికి మూలను కొంచెం గుండ్రం చేయించండి, ఒక మిల్లీమీటరు చాలు. మూల పదునుగా ఉంటే కాయగూరల కన్నులు తీయడానికి పనికొస్తుంది, నిజమే, కానీ కత్తిని తుడిచేటప్పుడు, ఒకరి చేతి నుంచి మరొకరు అందుకునేటప్పుడు అరచేయి కోసేది కూడా అదే. అలుగు మొదట్లో చూపుడువేలు ఆనే చోట, వెన్ను మీద కూడా, అంచులు నునుపు చేయమని అదే ఉత్తరంలో రాయండి. ఆ పని చేయడానికి ఆయనకు అరగంట పడుతుంది, అడగకపోతే కొందరు చేయరు.